నార్త్ ప్లాట్: ఒక రాత్రి ఆగదగ్గ ఊరు

అమెరికాలో డెన్వర్ నుంచి ఒమాహాకు కారులో వెళ్ళేవాళ్ళలో చాలామందికి నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ పెట్రోలు కోసం ఆగే ఊరు మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి క్యాంటీన్ కోసమైనా అక్కడ ఒక రాత్రి ఉండాలంటాను.

1941 డిసెంబరు 17న నెబ్రాస్కా నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక దళం)లోని తమ 'డి' కంపెనీ అనే పటాలం కుర్రాళ్ళు వస్తున్నారని ఊరివాళ్ళు తినుబండారాలతో స్టేషనుకు వెళ్ళారు. తీరా చూస్తే ఆ రైల్లో ఉన్నది కాన్సాస్ వారి 'డి' కంపెనీ! తెచ్చినవన్నీ వాళ్ళకే పంచిపెట్టారు. మందుల దుకాణంలో పనిచేసే రే విల్సన్ ప్రతి సైనిక రైలుకూ ఇలాగే చేద్దామని స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. ఆ క్రిస్మస్ నాడే మొదలైన క్యాంటీన్ 1946 ఏప్రిల్ 1 దాకా నడిచింది. సుమారు 60 లక్షల మంది సైనికులు అక్కడ తిన్నారు.

ముందుగా లింకన్ కౌంటీ హిస్టారికల్ మ్యూజియానికి వెళ్ళండి. పెద్ద హంగులేమీ లేవు గానీ, క్యాంటీన్ విభాగం దగ్గర నాకు కాలు కదలలేదు. ఇంజనుకు నీళ్ళు పట్టేలోగా, అంటే పది పదిహేను నిమిషాల్లో, శాండ్‌విచ్‌లు, కాఫీ, కేకులు అందరికీ అందాలి. చక్కెరకు రేషన్ ఉన్న రోజులవి. అయినా చుట్టుపక్కల పల్లెల రైతు కుటుంబాల ఆడవాళ్ళు వంతులు వేసుకుని గుడ్లు, వెన్న, పుట్టినరోజు కేకులు తెచ్చేవారు. మాంసానికి కటకట వస్తే పొలాల్లో వేటాడిన ఫెజెంట్ పక్షులతో శాండ్‌విచ్‌లు చేసేవారు. పాప్‌కార్న్ ఉండల్లో అమ్మాయిలు తమ పేరు, చిరునామా రాసిన చీటీలు దాచేవారట. ఆ చీటీలతో మొదలైన ఉత్తరాలు కొన్ని పెళ్ళిళ్ళ దాకా వెళ్ళాయి.

అసలు స్టేషను కోసం వెతకకండి. 1973లో కూల్చేశారు. ఫ్రంట్ స్ట్రీట్‌లో చిన్న స్మారక స్థలం మిగిలింది, ఐదు నిమిషాల పని. ఇంత చరిత్ర ఉన్న కట్టడాన్ని నిలబెట్టుకోలేకపోయారే అని మనసు చివుక్కుమంటుంది.

ఆ లోటు కొంత తీర్చేది గోల్డెన్ స్పైక్ టవర్. గూడ్సు బోగీలను విడదీసి రైళ్ళుగా కూర్చే యార్డుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన బెయిలీ రైల్వే యార్డు పైనుంచి మొత్తం కనిపిస్తుంది. పిల్లలుంటే దీన్ని అసలు వదలొద్దు. 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శనలతో పేరుపొందిన బఫెలో బిల్ ఇల్లు మ్యూజియానికి దగ్గరే, తీరిక ఉంటే చూడవచ్చు.

బస విషయానికొస్తే, హైవే పక్కన ఒక చైన్ హోటల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఉదయం ఫలహారం మాత్రం నామమాత్రం. శాకాహారులు తినేవేవో వెంట తెచ్చుకోవడం మేలు. ప్రయాణికుల రైళ్ళు ఈ ఊరికి ఇప్పుడు రావు, కాబట్టి కారు తప్పదు. చలికాలంలో వెళ్ళేటట్లయితే మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి.