హీలియం అయిపోయిన యూనివర్సిటీలో ఎనిమిదేళ్లు

యూనివర్సిటీ పేరు రాయను. మన దగ్గర కెమిస్ట్రీ అనగానే చెప్పుకునే పేర్లలో అదీ ఒకటి. రెండేళ్లు ఎమ్మెస్సీ ఆర్గానిక్, ఆరేళ్లు పీహెచ్‌డీ అక్కడే వెలగబెట్టాను. ఫీజు, హాస్టల్, మెస్ బిల్లు, రీడింగ్ రూమ్‌లో గ్రూప్స్ వాళ్లు రుమాలు వేసి పట్టుకున్న కుర్చీలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్క మిషను గురించి.

ప్రాస్పెక్టస్ మొదటి పేజీలోనే ఎన్‌ఎంఆర్ ఫొటో ఉండేది. మనిషెత్తు స్టీలు డ్రమ్ము. మనం తయారుచేసిన పదార్థం అనుకున్నదేనా, మరొకటా అని తేల్చేది అదే. ఆర్గానిక్ వాళ్లకు అది లేకపోతే ఉప్పు చూడకుండా వంద మందికి వండినట్టు. ఇంకోచోట సీటు వస్తున్నా ఆ ఫొటో చూసే ఇక్కడ చేరాను. మొదట్లో అంతా బాగుంది. పొద్దున శాంపిల్ ఇస్తే సాయంత్రానికి స్పెక్ట్రమ్, అంటే మిషను గీసిచ్చే గ్రాఫు, చేతికొచ్చేది. ఫోన్ చేసిన ప్రతి జూనియర్‌కూ కళ్లు మూసుకుని చేరిపొమ్మనే చెప్పాను. అలా చేరినవాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

ఆ డ్రమ్ములోని అయస్కాంతం మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. దాని చుట్టూ ద్రవ నైట్రోజన్. నైట్రోజన్ వారం పది రోజులకోసారి, హీలియం కొన్ని నెలలకోసారి పోస్తూనే ఉండాలి, మిషను వాడినా వాడకపోయినా. మిషను కొనడానికి గ్రాంటు వచ్చింది కానీ హీలియం ఖర్చు మాత్రం యూనివర్సిటీదే. నా పీహెచ్‌డీ రెండో ఏట ఆ ఫైలు ఫైనాన్స్ సెక్షన్‌కు వెళ్లి, ‘వాడకం తక్కువగా ఉండగా గ్యాసు ఎందుకు?’ అన్న ప్రశ్నతో వెనక్కి వచ్చింది. డిపార్ట్‌మెంట్ జవాబు రాసింది. ఫైలు మళ్లీ వెళ్లింది. ఈలోగా వేసవి సెలవులు.

ఒక మధ్యాహ్నం ల్యాబులో పదార్థాన్ని శుద్ధి చేసే కాలమ్ వేస్తుంటే కింది అంతస్తు నుంచి బుస్సుమని పెద్ద శబ్దం. పరిగెత్తి చూస్తే గది నిండా తెల్లటి పొగమంచు. హీలియం మట్టం పడిపోయి, అయస్కాంతం వేడెక్కి, మిగిలినదంతా ఒక్కసారిగా ఆవిరైపోయింది. క్వెంచ్ అంటారు దీన్ని. ఆ గదిలో నిలబడితే ఊపిరాడదు కాబట్టి తలుపులు బార్లా తీసి అందరం చెట్టు కిందికి వచ్చేశాం. మా గైడ్ ఒక్క మాట మాట్లాడలేదు. మళ్లీ బతికించాలంటే కంపెనీ ఇంజినీరు రావాలి, లక్షలు కావాలి. నేను బయటికొచ్చేదాకా అది బతకలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు శాంపిళ్లను ఐసు వేసిన థర్మాస్‌లో పెట్టుకుని రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్లాను. ఒకసారి ఎంజీబీఎస్‌లో దిగి మూత తీస్తే, తెల్లగా ఉండాల్సిన కాంపౌండ్ డికాక్షన్ రంగులో కనిపించింది. మూడు వారాల పని. అక్కడే ఇడ్లీ తిని వెనక్కి బస్సెక్కాను.

మధ్యలో యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చింది. గోడలకు రంగులు, వరండాలో అద్దె పూలకుండీలు, ఎన్‌ఎంఆర్ గదికి కొత్త బోర్డు. పక్కనున్న కంప్యూటర్ తెర మీద మా సీనియర్ పాత స్పెక్ట్రమ్ తెరిచి ఉంచారు. వాళ్లు తలూపి వెళ్లారు, గ్రేడ్ బాగానే వచ్చింది. 2016 నుంచి కేంద్రం విద్యాసంస్థలకు ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లోనైతే నూటికి పది మార్కులు బయటివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారు అన్నదానికే. అనుకోవడానికి ఫొటో ఉంది కదా.

ఏ ప్రాస్పెక్టస్‌లోనూ లేనిది ఇంకొకటి ఉంది. డిపార్ట్‌మెంట్ వెనక రేకుల షెడ్డులో గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్. ఊదారంగు కళ్లద్దాలు పెట్టుకుని మంట ముందు కూర్చునే పెద్దాయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. చిట్లిన ఫ్లాస్కు తీసుకెళితే ‘మళ్లీ పగలగొట్టావుటయ్యా’ అని తిట్టి, టీ తాగొచ్చేలోపు అతికించేవాడు. నా రియాక్షన్‌కు సరిపడే కండెన్సర్ బజారులో దొరకలేదు. నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చూపిస్తే ఈ మూలలో పగులుతుందని నా బొమ్మే దిద్ది, మర్నాడు చేసిచ్చాడు. థీసిస్ మూడో చాప్టర్ మొత్తం దాని మీదే నడిచింది. ఆ ఎనిమిదేళ్లలో నాకు అంతకంటే పనికొచ్చిన వసతి ఇంకోటి లేదు. అయితే ఇదీ చూసి చేరొద్దు. నేను థీసిస్ ఇచ్చిన ఏడాదే ఆయన రిటైరయ్యాడు, పోస్టు నింపలేదు. షెడ్డులో విరిగిన కుర్చీలు పడేశారట.

నాకు జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చేది కాబట్టి బస్సు చార్జీలు, బయట శాంపిల్ ఖర్చులు తట్టుకున్నాను. ఫెలోషిప్ లేని నా పక్క బెంచీ మిత్రుడు మూడో ఏట వదిలేసి బల్క్ డ్రగ్ కంపెనీలో చేరిపోయాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలో యూనివర్సిటీ పేరు నాకు పనికొచ్చిన మాట కూడా నిజం. అవతల కూర్చున్నాయనా అక్కడే చదివాడు, ‘ఎన్‌ఎంఆర్ బాగా నడుస్తోందా?’ అని అడిగాడు. నడుస్తోంది సర్ అన్నాను.

చేరేవాళ్లు మిషను ఉందా అని అడక్కండి. హీలియం చివరిసారి ఎప్పుడు పోశారో లాగ్‌బుక్ చూపించమనండి. మా తమ్ముడికి ఎమ్మెస్సీ అయితే చేరు, పీహెచ్‌డీకి మాత్రం వద్దని చెప్పాను. వాడు రెండూ వద్దనుకుని బీఈడీకి వెళ్లాడు.