పల్లె దారికి ఏది మేలు: అడాస్ ఉన్న టాప్ మోడలా, అది లేని మధ్య మోడలా?

మా తమ్ముడు కారు కొనబోతున్నాడు. ఉద్యోగం హైదరాబాదులో, పొలం మిర్యాలగూడ అవతల సాగర్ ఎడమ కాలువ కింద. నెలకు రెండు మూడుసార్లు ఊరికి వెళ్లిరావడం తప్పదు. తనకు నచ్చిన కారులోనే రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతున్నాడు. పైమోడల్‌లో అడాస్ అని పిలిచే డ్రైవర్ సహాయ ఏర్పాట్లన్నీ ఉన్నాయి. మధ్య మోడల్‌లో అవి లేవు గాని ఆరు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోనివ్వని ఏబీఎస్, కారు జారిపోకుండా అదుపులో ఉంచే ఈఎస్‌సీ రెండింటికీ సమానమే. ధరలో తేడా లక్ష దాటుతోంది. ఆ లక్షకు పల్లె దారి మీద ఏం దక్కుతుందన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో ఈ సదుపాయం 2020లో ఎంజీ గ్లోస్టర్‌తో, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700తో జనం నోట పడింది. 2024 చివరికి హోండా అమేజ్ లాంటి చిన్న సెడాన్ దాకా దిగింది. ముందు అద్దం లోపల వెనక చూసే అద్దం దగ్గర ఒక కెమెరా, చాలా కార్లలో ముందు బంపర్ దగ్గర ఒక రాడార్, ఈ రెండూ దానికి కళ్లు. షోరూములో లెవెల్ 2 అన్న మాట గొప్పగా వినిపిస్తారు. సున్నా నుంచి ఐదు దాకా ఉన్న ఆ మెట్లలో లెవెల్ 2 అంటే కారు స్టీరింగ్‌నూ వేగాన్నీ కొంతసేపు సర్దుతుంది గాని, దారిని గమనించే పనీ బాధ్యతా పూర్తిగా డ్రైవర్‌వేనని అర్థం.

రోడ్డు గీతలను చూసి, కారు వాటిని దాటబోతే స్టీరింగ్‌ను వెనక్కి లాగే సాయం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే పల్లెల్లో ఎక్కువగా చతికిలబడేది ఇదే. గ్రామ సడక్ యోజన కింద వేసిన సింగిల్ బీటీ రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. ఒక్కో కారు 1.8 మీటర్ల వరకు ఉంటుంది కనుక ఎదురుగా మరో బండి వస్తే ఇద్దరూ చెరో చక్రాన్ని మొరంలోకి దించాల్సిందే. అక్కడ వరుసలూ లేవు, గీతలూ లేవు. కాబట్టి ఆ సాయం పని చేయకుండా కూర్చుంటుంది. అలా కూర్చున్నంత వరకు నష్టం లేదు. చిక్కంతా గీతలు సగం ఉండీ సగం చెరిగిపోయిన రోడ్ల మీద.

కిందటి యాసంగి కోతల సమయంలో బంధువుల కారు తీసుకుని అలాంటి రోడ్డు మీద వెళ్తున్నాను. వేగం అరవై పైచిలుకు. రోడ్డు ఎడమ సగంలో వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ వరుసగా రాళ్లు పెట్టారు. ఎదురుగా ఎవరూ లేరు కదా అని ఇండికేటర్ వేయకుండానే నడిగీత దాటి కుడికి జరిగాను. స్టీరింగ్ చేతిలో సన్నగా వణికి, కారు తిరిగి ఎడమకు, అంటే నేరుగా ఆ రాళ్ల వైపుకే లాగింది. లాగుడు బలమైనదేమీ కాదు, గట్టిగా పట్టుకుంటే మన చేతి మాటే చెల్లుతుంది. ఇండికేటర్ వేసి ఉంటే అది అసలు కదిలేదే కాదు. కానీ కోతల రోజుల్లో పది నిమిషాలకోసారి వడ్ల కుప్పలను తప్పించుకుంటూ ప్రతిసారీ ఇండికేటర్ వేసేవాళ్లు మా వైపు ఎంతమంది ఉంటారు? మధ్య మోడల్‌కు ఈ గొడవ లేదు. ఈ ఒక్క అంశంలో దానికే మార్కులు.

ముందు బండిని బట్టి వేగం సర్దుకునే క్రూజ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా కాలికి నిజంగా విశ్రాంతే. ఊరి రోడ్డు మీద గేదెలకూ ఆటోలకూ స్పీడ్ బ్రేకర్లకూ మధ్య దాన్ని పెట్టుకోవాలనే ఆలోచనే రాదు.

తానుగా బ్రేకు వేసే ఏర్పాటు విషయంలో మాత్రం నా తీర్పు పైమోడల్ వైపే మొగ్గుతుంది, అయితే దాని లోపాలు తెలిసిన మీదట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణిస్తే వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, దాదాపు 20 శాతం పాదచారులు. మొత్తం మరణాల్లో మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనివే. పల్లెలో కారు నడిపేవాడు తన ప్రాణం కంటే ఎదుటివాడి ప్రాణానికే ఎక్కువ భయపడాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మనిషి చూసి, తేల్చుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి సెకనున్నర, అంటే 33 మీటర్లు అయిపోతాయి. ఆ సెకనున్నరలో కొంతైనా మిగిల్చే యంత్రం అక్కరలేదని ఎలా అనగలం?

అయితే అది దేన్ని గుర్తుపడుతుందో తెలిసి ఉండాలి. కార్ల, మోటార్‌సైకిళ్ల వెనక భాగాలు, నడిచే మనుషుల ఆకారాలు దానికి నేర్పిన పాఠాలు. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ మోటార్‌సైకిల్ పరీక్షను చేర్చిందే 2023లో. మన దగ్గర సంధ్యవేళ వెనక దీపం లేని ట్రాలీ మీద, రెండు పక్కలా మీటరు చొప్పున బయటికి వేలాడే వరిగడ్డి మోపులతో ట్రాక్టరు వస్తుంది. ఆ గడ్డి మేటును కెమెరా బండిగా గుర్తిస్తుందన్న భరోసా లేదు. మామూలు రూపం లేని వాహనాలను పోల్చుకోలేకపోవచ్చని కంపెనీల మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది. ఇక పశువుల సంగతి. స్వీడన్‌లో దుప్పుల మీద పరీక్షించిన వోల్వో వ్యవస్థ ఆస్ట్రేలియాలో గెంతే కంగారూను చూసి దాని దూరాన్ని సరిగా అంచనా వేయలేకపోయిందని 2017లో ఆ సంస్థ వాళ్లే చెప్పారు. మా ఊరి గొర్రెల మందకు అంతకంటే మంచి గౌరవం దక్కుతుందని నేను అనుకోను.

ఇంకో ఇబ్బంది, అక్కరలేనిచోట బ్రేకు పడటం. సందులోంచి బైకు అడ్డం వచ్చి వెళ్లిపోతుంది. మనకు అది మామూలే, కారుకు కాదు. అది గట్టిగా ఆగితే మన వెనకే ఆనుకుని వస్తున్న బస్సు ఆగాలి కదా. దీనికి కొంత విరుగుడు, కారులో ఆ వీలుంటే, ఎంత దూరంలో హెచ్చరించాలన్న సెట్టింగును అన్నిటికంటే తక్కువకు పెట్టుకోవడమే గాని, ఆ ఏర్పాటును ఆపేయడం కాదు.

రెండు మోడళ్లలోనూ ఉన్నవాటి గురించి ఎవరూ మాట్లాడరు. ఏబీఎస్, ఈఎస్‌సీ దారిని చూడవు, చక్రాలను చూస్తాయి. బీటీ అంచు దిగిన ఎడమ చక్రాలు మొరంలో జారుతుంటే కంగారుగా స్టీరింగ్ తిప్పినప్పుడు కారు గిర్రున తిరగకుండా ఈఎస్‌సీ ఏదో ఒక చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజను బలం తగ్గిస్తుంది. గీత ఉన్నా లేకున్నా, పొగమంచు పట్టినా, అద్దం మీద బురద చిమ్మినా దానికి ఒకటే. మన దేశంలో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండితీరాలన్న నియమం ఊరికే పెట్టలేదు. కెమెరాకూ రాడార్‌కూ మాత్రం బురదే శత్రువు. పైగా రాయి తగిలి ముందు అద్దం మార్చాల్సి వస్తే కెమెరాను మళ్లీ సరిచూడాలి, అది ఊళ్లో మెకానిక్ చేతిలో అయ్యే పని కాదు.

అందుకే ఏ రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లో లెక్కపెట్టుకోమన్నాను. తమ్ముడి ప్రయాణంలో నార్కట్‌పల్లి దాకా హైవే, అక్కడి నుంచి నల్గొండ మీదుగా అద్దంకి రోడ్డు. సింగిల్ రోడ్డు చివరి ఏడెనిమిది కిలోమీటర్లే. అతనికి పైమోడలే మేలు. ఊళ్లోనే ఉండి పొలానికీ, మండలానికీ, మార్కెట్ యార్డుకూ తిరిగే మా బాబాయి ఇదే ప్రశ్న అడిగితే మధ్య మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకు పెట్టమంటాను. ఏది కొన్నా ముందు హెడ్‌లైట్లు చూడాలి: లోబీమ్ సాధారణంగా యాభై అరవై మీటర్లకు మించి అందదు, 80 వేగంలో కారు ఆగడానికి డెబ్బై దాకా కావాలి.

టెస్ట్ డ్రైవ్‌ను షోరూమువాళ్లు చూపించే బైపాస్ మీద కాకుండా, సాయంత్రం ఆరున్నరకు ఊరి రోడ్డు మీద ఇమ్మని అడగమన్నాను. అప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది: గీతల సాయాన్ని ఆపేసి, ఇంజను కట్టేసి మళ్లీ స్టార్ట్ చేస్తే అది ఆపినట్టే ఉంటుందా, తనంతట తాను తిరిగి మొదలవుతుందా అని.