లెక్కల గదా, కమిటీ సమావేశమా?

బెంగళూరులో ప్రధానోపాధ్యాయ పదవి మీద కన్నేసిన మన తెలుగు టీచర్లలో కొందరు బడ్జెట్ నేర్చుకోవడానికి ప్రైవేటు బడి లెక్కల గదినే, అంటే అకౌంట్స్ ఆఫీసునే, ఎంచుకుంటారు. అక్కడ రాబడి ఫీజులు, పెద్ద ఖర్చు జీతాలు. త్వరగానే పట్టు దొరుకుతుంది.

ప్రభుత్వ బడిలో జీతాల బరువు ప్రభుత్వానిది. బడి చదువుల పథకమైన సమగ్ర శిక్ష నిధులను కేంద్రం, కర్ణాటక 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. ఆ పథకం నిబంధనల్లో 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాది గ్రాంటు 50,000 రూపాయలు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే పోవాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరమ్మతులు మిగిలినదాంట్లో సర్దాలి. ఏది వాయిదా వేయాలో ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) సమావేశంలో తల్లిదండ్రుల ఎదుటే తేల్చాలి, అదీ కన్నడంలో! నేనైతే ముందు ఈ సమావేశంలోనే కూర్చుంటాను. లెక్కల గదిలో వాడే టాలీ సాఫ్ట్‌వేర్‌దేముంది, అది నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?