మైసూరు రోడ్డు వైపు "ఆల్ ఒరిజినల్ జావా" అని అమ్ముతున్నవాడి దగ్గర అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

బెంగళూరులో పాత జావా, యెజ్డీ మోటారుసైకిళ్లు కొనేవాళ్లకి ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. పేరు రాయను. "ఫ్యామిలీ బండి, ఇంజన్‌కి రెంచి తగల్లేదు, ఆల్ ఒరిజినల్" అన్న మూడు ముక్కలూ ఒకే ప్రకటనలో కనిపిస్తే ఆయనే అనుకోండి.

నేను కొన్న బండి 1969 జావా 250. బేరం 1,60,000కి తెగింది. 40,000 అడ్వాన్సు ఇచ్చిన రోజు బండి మీద ఉన్న సామాను వేరు, మిగతా డబ్బు పడిన రోజు ఇంటి ముందు దిగిన సామాను వేరు. జరిగింది ఇంతే.

చూపించినప్పుడు జికోవ్ కంపెనీ కార్బురేటర్ (ఇంజన్‌కి గాలి, పెట్రోలు కలిపి పంపేది), హెడ్‌లైట్ డోమ్‌లో పాల్ కంపెనీ స్పీడోమీటరు, కదిలించని 6 వోల్టుల డైనమో (బ్యాటరీకి ఛార్జి ఇచ్చేది), చేత్తో ఎత్తితే బరువు తెలిసే పాత సైలెన్సర్లు. అన్నిటికీ ఫోటోలున్నాయి. డెలివరీ మాత్రం పొద్దుగూకాక. "పగలు చోటా హాథీని ఊళ్లోకి రానియ్యరు సార్" అన్నాడు, బండి తెచ్చే చిన్న ట్రక్కు గురించి. వీధి దీపం కింద ట్యాంకు క్రోమియం ధగధగలాడింది, ఫోన్లోంచి 1,20,000 వెళ్లిపోయింది. ఎదుటివాడు మన తెలుగువాడు, చిత్తూరు వైపు యాస, ఇంకేం కావాలి! టార్చిలైటు వేసి చూస్తే ఏమనుకుంటాడోనని మొహమాటం కూడాను. ఆ మొహమాటం ఖరీదు కింద లెక్క రాశాను, చూడండి.

తెల్లారి చూస్తే కార్బురేటర్ మీద పేరే లేదు. ఫోన్ చేస్తే సాగిన సంభాషణ ఇది, ఉన్నదున్నట్టు:

"అన్నా, కార్బురేటర్ మారింది."

"ఏం మారింది సార్? అదే బండి, అదే నంబరు."

"ఫోటోలో జికోవ్ ఉంది. ఇప్పుడున్నది డూప్లికేటు."

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత నవ్వాడు. "మీరు బండి కొన్నారా సార్, కార్బురేటర్ కొన్నారా? స్టార్ట్ అవుతా ఉందా లేదా, అది చెప్పండి."

స్టార్ట్ అవుతోంది. నిజమే. అంతకంటే ఏం అనాలో తోచలేదు. అప్పుడు గొంతు తగ్గించి, అయినవాడిలా అన్నాడు: "మన తెలుగోళ్లని చెప్తున్నా. ఒరిజినల్ జికోవ్ ఒకటి మావాడి దగ్గర ఉంది. బయట 9,000. మీకు 7,000కి ఇప్పిస్తా." ఫోటో కూడా పంపాడు పుణ్యాత్ముడు. ఫ్లోట్ చాంబర్ మూత అంచున ఆకురాయి జారిన గీత. అడ్వాన్సు రోజు తీసిన ఫోటోలో అదే గీత, అదే చోట. కొన్న కార్బురేటర్‌ని కొన్నవాడికే, అదీ డిస్కౌంటులో! ఆ మాట చెబితే "పాత సామాన్లన్నిటికీ గీతలుంటాయి సార్" అని ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు ఎత్తడం లేదు.

కార్బురేటర్ ఒక్కటే అయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. దాని వెనకాల ఏమేం పోయాయో, అలా పోతే బండికి ఏమవుతుందో తెలియాలి. అందుకే ఇంత పొడుగు.

డూప్లికేటు కార్బురేటర్ని పట్టుకోవడం కష్టం కాదు. ఒరిజినల్‌లో పోత అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, నకలులో మొద్దుబారి లోహం మీద సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అసలు పరీక్ష, యాక్సిలరేటర్ తిప్పితే లోపల పైకీ కిందికీ కదిలే స్లయిడ్‌ది. పైమూత విప్పి, స్లయిడ్‌ని సగం దించి, వేలితో ముందుకూ వెనక్కూ ఆడించండి. టకటకమంటే గాలి పక్కనుంచి లాగుతుంది, ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పటి నడక) ఎప్పటికీ నిలవదు. నకళ్లలో మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు స్క్రూ) మర కూడా చాలాసార్లు వేరు, చేతిలో మంచి జెట్టున్నా బిగించలేరు. తర్వాత ఫ్లాంజి (కార్బురేటర్‌ని ఇంజన్‌కి బిగించే చదును అంచు) మీద స్టీలు స్కేలు నిలబెట్టి లైటు ముందు పట్టండి. మధ్యలో వెలుగు కనిపిస్తే, రెండు నట్లూ మితిమీరి బిగించి దాన్ని విల్లులా వంచేశారన్నమాట. కొందరు ఆ సందుకి రెండు ప్యాకింగులు వేసి మూస్తారు. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే టూ స్ట్రోకులో ఆయిలు కూడా తగ్గినట్టే, రెండూ కలిసే వెళ్తాయి కదా. లీటరుకు 40 మి.లీ. ఆయిలు లెక్కగా కలిపినా పిస్టనుకి మొదట ఎగ్జాస్ట్ వైపు గీతలు పడతాయి, ఆ తర్వాత అది సిలిండరులో పట్టేస్తుంది. ప్లగ్గు కొస కాఫీ రంగులో కాకుండా తెల్లగా వస్తోందంటే బండి ఇక నడపకండి.

డైనమో కథ ఇంకా ఘోరం, దాన్నీ మార్చేశారు. జావాలో డైనమో కుడివైపు, ఆర్మేచరు (దాన్లో తిరిగే భాగం) నేరుగా క్రాంకు (పిస్టను తిప్పే ఇరుసు) కొసన సన్నబడే టేపరు మీద కూర్చుంటుంది. దాన్ని తీయాలంటే మధ్య బోల్టు విప్పి, ఆ మరలో పుల్లర్ బోల్టు బిగించి తిప్పాలి. రెండు నిమిషాల పని. మన మహానుభావుడి మనుషులు తొందరలో ఉన్నట్టున్నారు, స్క్రూడ్రైవర్లు దూర్చి ఎగేసి, రాకపోతే సుత్తితో కొట్టి తీశారు. కేసింగు మీద ఆ నొక్కులు అచ్చుగుద్దినట్టున్నాయి. ఈ ఇంజన్ క్రాంకు ఒకటే ముక్క కాదు. రెండు ఫ్లైవీళ్లని మధ్య పిన్ను మీదికి ప్రెస్సులో ఎక్కించి కూర్చింది. కొస మీద సుత్తి దెబ్బ పడితే అలైన్‌మెంటు పోతుంది. వీ ఆకారపు దిమ్మెల మీద పెట్టి, వంకర కొలిచే డయల్ గేజీతో చూస్తే ఊగులాట 0.03 మి.మీ. లోపు ఉండాలి. ఇక్కడ డైనమో వైపు ముల్లు 0.12 దాటింది. అలా ఊగే క్రాంకు కుడి సీలు (గాలి చొరబడకుండా ఆపే రింగు) అంచుని అరగదీసేస్తుంది. క్రాంక్‌కేస్ అక్కడినుంచి గాలి పీలుస్తుంది.

బయటికి కనిపించే లక్షణం: ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా ఆర్పీఎం దిగదు, కార్బురేటర్‌లో గాలి సర్దే ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా లెక్కచేయదు. డైనమో కవరు తీసి, ఇంజన్ నడుస్తుండగా సీలు దగ్గర కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ కడిగే స్ప్రే) ఒక్క చుక్క చిలకరించండి. శబ్దం మారితే సీలు పోయింది. (అక్కడే పాయింట్లుంటాయి, నిప్పురవ్వ ఎగురుతుంది. పెట్రోలుతో చేయకండి, క్లీనర్ కూడా చుక్కే.) ఎడమవైపు సీలు పోతే లక్షణం వేరు. అది క్లచ్చు, ప్రైమరీ చైను వైపు కాబట్టి గేరు ఆయిలు లోపలికి పోతుంది. పొగ చిక్కగా, కమురు వాసనతో వస్తుంది, గేర్‌బాక్సు ఆయిలు మట్టం పడిపోతుంది. ఎడమది జేబుకి చిల్లు పెడుతుంది, కుడిది పిస్టన్ని తినేస్తుంది.

పెట్టిన డైనమో ఆర్మేచరు రీవైండింగ్ చేసింది. అదేం నేరం కాదు, చాలా బండ్లలో అదే ఉంది. కానీ కమ్యుటేటరు (బ్రష్షులు రాసుకుని కరెంటు తీసుకునే రాగి చుట్టు) మీద అవి తిన్న గాడి, రాగి ముక్కల మధ్య మైకా పైకి పొడుచుకొచ్చి ఉండటం, ఇవి మంచి పనివాడి చేతిలో జరగవు. మైకా రాగి కంటే కొంచెం లోతుకి కోసి ఉండాలి, లేకపోతే బ్రష్షు ఎగిరి ఛార్జి రాదు. ఐడిల్ మీద లైటు మసకబారడం 6 వోల్టుల బండికి మామూలే. ఆర్పీఎం పెంచాక కూడా ఛార్జి దీపం ఆరకపోతేనే అనుమానించండి.

ఎలాగూ ఇంజన్ విప్పాక "రెంచి తగలని" గుట్టు బయటపడింది. జావా 250 స్టాండర్డ్ బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 65 మి.మీ. అరిగినప్పుడల్లా తీయించే ఓవర్‌సైజులు 0.25 చొప్పున పెరుగుతాయి. పిస్టను నెత్తిన 1.00 అని ఉంది. అంటే ఇప్పటికే 66 మి.మీ. బోరు, ఇంకోసారి తీయించడానికి గోడ పెద్దగా మిగల్లేదు, వచ్చేసారి స్లీవు (లోపల కొత్త గొట్టం) వేయించాల్సిందే. సిలిండరు కింద ప్యాకింగు బదులు ఎర్ర సిలికాన్ దట్టంగా పూశారు, అది లోపలికి ఉబికి, పెట్రోలు, గాలి పైకెళ్లే ట్రాన్స్‌ఫర్ పోర్టు మూతి సగం మూసింది. ఇవి అడ్వాన్సు రోజుకి ముందు నుంచీ ఉన్నవే కావచ్చు. అందుకే ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దూర్చి పిస్టను నెత్తి చూడమంటాను. ఫోన్‌కి తగిలించుకునే బోరోస్కోపు చవకే, ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. పిస్టను మీద మసి ఉంటే అంకె కనిపించదు, అప్పుడు హెడ్డు విప్పి చూపించమనండి. విప్పనంటే లేచి వచ్చేయండి.

స్పీడోమీటరు గురించి ఎక్కువ చెప్పను. ఒరిజినల్ డయల్ లోహం మీద రంగు అచ్చు, ఏళ్లకి అంకెలు మీగడ రంగుకి దిగుతాయి. ఇప్పుడున్నది స్టిక్కరు. అంతే. సైలెన్సర్లు మాత్రం గోటితో మీటి చూడండి. పలచటి రేకైతే డబ్బా మోత మోగుతుంది. లోపల బఫిల్ (శబ్దం తగ్గించే గొట్టం) కొలత తప్పితే ఎగ్జాస్టు ఎదురొత్తిడి మారి, మీరు పెట్టుకున్న జెట్టింగు (కార్బురేటర్ జెట్ల సర్దుబాటు) మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

ట్యాంకు మోకాలి దగ్గర అయస్కాంతం పట్టలేదు, కింద మందంగా లప్పం. క్రోమియం మెరుపు చూసి పడిపోకండి. రాగి, దాని మీద నికెల్, ఆ పైన క్రోమియం అనే వరసలో చేయిస్తేనే నిలుస్తుంది. రాగి ఎగ్గొట్టి, నికెల్ పలచగా వేసి పైన మెరుపు కొట్టిస్తే మన బెంగళూరు వానలకి మొదటి సీజన్లోనే పొక్కుతుంది. క్రోమియం, రంగు కలిసే గీత దగ్గర గోరుతో రాసి చూడండి, మొదట లేచేది అక్కడే.

ఇంతకీ ఖర్చు. క్రాంకు విప్పి కొత్త రాడ్డు, పిన్నుతో మళ్లీ కూర్పించి అలైన్ చేయించడం, సీళ్లు, సీ3 క్లియరెన్సు (కాస్త వదులు ఎక్కువున్న రకం) బేరింగులు, ప్యాకింగు సెట్టు, ఆర్మేచరు పని కలిపి 31,000. సిలిండరు స్లీవు ఇందులో లేదు. ఒరిజినల్ కార్బురేటర్ ఇంకా దొరకలేదు. క్షమించాలి, దొరికింది, 7,000కి!

కాగితాల విషయంలో ఈసారి గండం తప్పింది, కానీ ఆ మనిషి దగ్గర అన్ని బండ్లకీ ఇలాగే ఉంటుందని నమ్మను. పాత జావా అంటే ధర ఎక్కువ పలుకుతుందని, తొలినాటి యెజ్డీకి జావా ట్యాంకు, జావా కవర్లు తగిలించి అమ్మడం ఈ ఊళ్లో కొత్త కాదు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో డెబ్భైల్లో పేరు యెజ్డీకి మారినా బండి చాలావరకు అదే కాబట్టి చూపుకి తేడా తెలియదు. ట్యాంకు మీద బొమ్మ కాదు, ఆర్‌సీలో తయారీ సంవత్సరం, స్టీరింగ్ హెడ్ దగ్గరి చాసిస్ నంబరు, క్రాంక్‌కేస్ మీద ఇంజన్ నంబరు మూడూ ఒక కథే చెప్పాలి. చాసిస్ నంబరుని ఆర్టీవోలో అడిగినట్టే కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసుకోండి. అంకెల లోతు ఎగుడుదిగుడుగా ఉన్నా, చుట్టూ లోహం పల్లంగా గ్రైండరు తిన్నట్టున్నా మళ్లీ కొట్టిన నంబరే. 15 ఏళ్లు దాటాక ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, ఆ తేదీ చూడండి. 2021 నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ "వీఏ" నంబరు తీసుకుందామనుకునేవాళ్లు మరీ జాగ్రత్త. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు కట్టేది బండి అసలు రూపంలో ఉంటేనే. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులుంటే ఒప్పుకోరు. ఆ నంబరు మీద రోజూ ఆఫీసుకి తిరగడానికీ వీల్లేదు.

ఇక అడ్వాన్సు ఇచ్చేటప్పుడు: కార్బురేటర్, డైనమో, స్పీడోమీటరు, సైలెన్సర్లు, రిమ్ములు, ఒక్కోదాని దగ్గరి ఫోటో, దాని మీదున్న గుర్తు, స్పీడోమీటరు రీడింగు రసీదు మీదే రాయించి సంతకం పెట్టించండి. అమ్మేవాడి ముందే కార్బురేటర్ నట్ల మీదా డైనమో కవరు స్క్రూల మీదా నెయిల్ పాలిష్ చుక్క పెట్టి ఫోటో తీయండి. విప్పితే చుక్క చిట్లుతుంది. ముఖం చిట్లించుకుంటాడు, చిట్లించుకోనివ్వండి. డెలివరీ పగలే. డబ్బు బండి దిగి, చుక్కలన్నీ చూశాకే.

బండి మీదనుంచి పోయిన సామాను గుర్తులు రాస్తున్నా. జికోవ్: ఫ్లోట్ చాంబర్ మూత అంచున ఏటవాలు గీత, పక్కన స్క్రూ తల సగం విరిగింది. పాల్ స్పీడోమీటరు: రీడింగు 41 వేల పైచిలుకు, గాజు మీద 60 అంకె దగ్గర వెంట్రుకంత పగులు. కుడి సైలెన్సరు: కింది క్లిప్పు దగ్గర ఇత్తడి వెల్డింగు మచ్చ. శివాజీనగర్ గుజరీలోగానీ (పాత సామాన్ల బజారు), జేసీ రోడ్డులోగానీ, ఎవరి ప్రకటనలోగానీ కనిపిస్తే కొనకండి, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పోలీసు ఫిర్యాదుకి అడ్వాన్సు నాటి ఫోటోలు, ఆ 7,000 వాట్సాప్ సందేశం సిద్ధంగా ఉన్నాయి. ఆయన చేతిలో ఇప్పుడు ఒక యెజ్డీ రోడ్‌కింగ్ ఉందని విన్నాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్లెవరైనా ఉంటే ఇవాళే వెళ్లి దాని కార్బురేటర్ ఫోటో తీసుకోండి.