నైకాన్ మౌంట్ అనగానే వైడ్ లెన్స్ కొనేయకండి

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం మండపంలో ఫొటోలు తీసినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. వెనక్కి జరగడానికి చోటుండదు, కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌లో నాలుగు స్తంభాలు పట్టవు. అందుకే పోయిన దసరా ముందు నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి, ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో టోకినా 11-16 ఎఫ్/2.8 వైడ్ లెన్స్ కొన్నాను. 17 వేలు.

నాది నైకాన్ డీ5600 కెమెరా అని దుకాణంలో ముందే చెప్పాను. బ్యాటరీ మాత్రం ఇంట్లో ఛార్జర్‌లోనే మర్చిపోయాను, నా ఖర్మ. "నైకాన్ మౌంటే కదా తమ్మీ, టెన్షన్ ఎందుకు" అని దుకాణదారు తన నైకాన్ డీ7200కు తగిలించి చూపించాడు. మౌంట్ అంటే కెమెరాకు లెన్స్ తగిలించే చోటు. గర్రుమని తిరిగి టక్కున ఫోకస్ అయింది. నేను టార్చ్ వేసి అద్దాల్లో ఫంగస్ ఉందేమోనని పావుగంట వెతికాను. అద్దాలు తళతళలాడుతున్నాయి. నేను చూడాల్సింది అద్దాలను కాదు!

ఇంటికొచ్చి నా కెమెరా బాడీకి పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఆ గర్రు చప్పుడు లెన్స్‌ది కాదు, డీ7200 లోపలి మోటార్‌ది. ఆ బాడీ మౌంట్ అంచున చిన్న స్క్రూడ్రైవర్ మొనలాంటిది బయటికి ఉంటుంది, లెన్స్‌ను తిప్పేది అదే. డీ3000, డీ5000 వరుస బాడీలకు అది ఉండదు. ఈ టోకినా నైకాన్ రకంలో మొదటిదానికి సొంత మోటార్ లేదు, తర్వాత వచ్చిన II రకానికి ఉంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, పేరు చివర ఆ రెండు గీతలే తేడా.

చేత్తో తిప్పుకోవచ్చు కదా అంటారా? గుడి దగ్గర, పిల్లలమర్రి దగ్గర ఇబ్బంది లేదు. 11 ఎంఎం దగ్గర, లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెట్టి, ఫోకస్ రింగు మీటరు దగ్గర వదిలేస్తే అరమీటరు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టమే. సద్దుల బతుకమ్మ రాత్రి చూడాలి నా తిప్పలు. వెలుతురు చాలక రంధ్రం పెద్దది చేసి ఎఫ్/2.8 పెట్టాను, అప్పుడు ఫోకస్ పట్టిన దూరమే స్పష్టంగా వస్తుంది. ఆడవాళ్లు తిరుగుతూనే ఉంటారు, వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చచుక్క వెలిగేలోపు అక్క ముఖం దాటిపోయేది. బతుకమ్మ మీది తంగేడు పూలు రేకు రేకూ కనపడుతున్నాయి, వెనక అక్క మాత్రం మసక. ఇప్పటికీ దెప్పుతుంది.

దుకాణదారుకు ఫోన్ చేస్తే "సెకండ్‌హ్యాండ్‌కు వాపస్ ఉండదు" అన్నాడు. బిల్లు తీసి చూస్తే "లెన్స్ 1" అని మాత్రమే ఉంది. మోడల్ పేరు, మీ బాడీ పేరు బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

ఇంకొకటి. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల కోసం చేసిన 17-35 లాంటివి చూపించి "ఇదీ వైడే" అంటారు. మన చిన్న సెన్సర్ మీద ఆ 17 దాదాపు 25తో సమానం, కిట్ లెన్స్‌కూ దానికీ పెద్ద తేడా ఉండదు. డీ5600 వాళ్లకు నైకాన్ వారి ఏఎఫ్-పీ 10-20 చక్కగా పనిచేస్తుంది. పాత డీ90 కెమెరా వాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు, దాని మీద అసలు ఫోకస్ కాదు.

నా టోకినా అమ్మకానికి ఉంది. డీ7000, డీ7200 లాంటి మోటార్ ఉన్న బాడీ తెచ్చుకుని, నల్లగొండలోనే పెట్టి చూసుకుని తీసుకోండి. డీ5600 పట్టుకొని వస్తే చాయ్ తాగించి పంపిస్తాను, లెన్స్ మాత్రం ఇవ్వను.