14 నెలలుగా రికార్డింగు వింటున్నాను: సిగరెట్ మానడానికి హిప్నోథెరపీతో నా అనుభవం

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాకు చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. టీ వచ్చిందంటే సిగరెట్ వెలగాల్సిందే. రోజుకి 12 దాకా అయ్యేవి. అది మానడానికి విశాఖలో ఒక హిప్నోథెరపిస్టు దగ్గర నాలుగు సిట్టింగులకి వెళ్లాను. ఆయన ఇచ్చిన 20 నిమిషాల రికార్డింగు వినడం మొదలుపెట్టి 14 నెలలైంది.

స్టేజీ మీద చేసే హిప్నాటిజం షోలు చూసి భయపడ్డాను గానీ, అలాంటిదేమీ జరగలేదు. స్పృహ పోదు, వీధిలో ఆటో హారన్ కూడా వినబడుతుంది. ఒళ్లు వదులై, ధ్యాసంతా ఒక గొంతు మీదే నిలుస్తుంది. అప్పుడు చెప్పే మాటే సజెషన్. నచ్చని మాటైతే మనసు ఒప్పుకోదు.

మొదటి మూడు నెలలు దాదాపు ఫలితం లేదు. లోపం ఆ మాటలోనే ఉంది. "నేను సిగరెట్ తాగను" అని వింటుంటే నాకు కళ్ల ముందు సిగరెట్టే కనబడేది. పైగా పుస్తకాల తెలుగు. ఆయనతో మాట్లాడి మార్చుకున్నాం: "టీ గ్లాసు పట్టుకోగానే ముందు రెండు గుక్కలు నీళ్లు తాగుతాను." ఇంట్లో మాట్లాడుకునే యాసలో, నా గొంతుతోనే రికార్డు చేసుకున్నాను. ఎప్పుడు, ఏం చెయ్యాలో రెండూ అందులో ఉన్నాయి. పొలం గట్టు మీద నడవగా నడవగా బాట పడినట్టు, ఆరో నెలకి నా చెయ్యి దానంతటదే నీళ్ల సీసా మీదికి వెళ్లింది. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫ్రాన్స్‌లో మందుల షాపు నడిపిన ఎమిల్ కూయే (1857-1926) 20 ముళ్లు వేసిన దారం చేత్తో తడుముతూ పొద్దున, రాత్రి ఒకే సజెషన్ వాక్యం 20 సార్లు అనుకోమని తన దగ్గరికి వచ్చేవాళ్లకి చెప్పేవాడు. కరెంటు పోయి ఫోన్లో చార్జింగ్ లేని రాత్రుళ్లు నేనూ అలాగే చేశాను.

మా బావమరిదికి మాత్రం ఇది అసలు పనిచేయలేదు. స్పందించే తీరు మనిషి మనిషికీ వేరు. సిగరెట్ మాన్పించడంలో ఇది మిగతా పద్ధతులకంటే మేలని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. అందుకే డాక్టరు చెప్పిన నికోటిన్ గమ్ మానకండి, నేనూ రెండు నెలలు వాడాను. ఇంట్లో పెళ్లి పనుల్లో పది రోజులు వినకపోతే మూడు సిగరెట్లు తాగేశాను కూడా. ఇప్పుడు అయిదు నెలలుగా ఒక్కటీ లేదు.

మా పెద్దమ్మ అడ్డపొగ తాగుతుంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ముందు ఆమె అంగిలిని డాక్టరుకి చూపించాం. ఇప్పుడు ఆమె కోసం ఒక రికార్డింగు చేస్తున్నాను. వాక్యం ఆమెనే చెప్పమన్నాను, ఇంకా ఆలోచిస్తోంది.