ఫౌంటెన్సా, రీవోనా? యార్క్‌షైర్ మఠాల శిథిలాల్లో ఏది మేలు

లీడ్స్‌లో ఉంటున్నాం కాబట్టి వేసవిలో మా ఇంటికి చుట్టాల రాకపోకలు ఎక్కువ. లండన్ నుంచి స్నేహితులు వస్తారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఆ పైకప్పు లేని పెద్ద పెద్ద చర్చిలు ఫొటోల్లో చూశాం, ఒక్కరోజే ఖాళీ ఉంది, దేనికి వెళ్దాం?" ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరినడిగినా టక్కున ఫౌంటెన్స్ అంటారు. నేను మాత్రం రీవో అంటాను. ఎందుకో చెప్పాలంటే రెండింటి గురించీ కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

ముందు ఒక్క మాట. ఇవి కాలం గడిచి వాటంతటవే కూలిపోయిన కట్టడాలు కావు. 1536 నుంచి 1540 లోపు ఎనిమిదో హెన్రీ రాజు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉన్న దాదాపు 800 మఠాలను మూయించాడు. భూములు, వెండి బంగారాలు ఖజానాకు పోయాయి. సన్యాసుల్లో చాలామందికి పింఛన్లు ఇచ్చి పంపేశారు, ఎదురు తిరిగిన కొందరిని ఉరి తీశారు. పెద్ద మఠాన్ని ఆబీ అంటారు, దానికి పెద్ద ఆబట్. ప్రయర్ అనే పెద్ద కింద నడిచేది ప్రయరీ. సందర్శకుడికి ఈ తేడా తెలిస్తే చాలు. అసలు చూసుకోవలసింది ఆ మఠం ఏ సంప్రదాయానిదన్నది. గదులు ఎలా కట్టుకున్నారు, ఏం తిన్నారు, ఎంత మాట్లాడుకున్నారు, అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ఫౌంటెన్స్, రీవో రెండూ సిస్టర్షియన్ మఠాలే. రంగు వేయని ఉన్నితో నేసిన బట్టలు, మాంసం లేని భోజనం, ఊళ్లకు దూరంగా బతుకు, ఒళ్లు వంచి పని చేయడం వాళ్ల పద్ధతి. రెండూ 1132లోనే మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లోని క్లేర్‌వో మఠం నుంచి వచ్చిన సన్యాసులకు వాల్టర్ ఎస్పెక్ అనే ప్రభువు రై నది లోయలో చోటిచ్చాడు. అదే రీవో. వాళ్లు యార్క్ మీదుగా వెళ్తుండగా చూసి, అక్కడి సెయింట్ మేరీస్ మఠంలో కొందరికి తమ సుఖమైన జీవితం మీద విరక్తి కలిగింది. గొడవ ముదిరి 13 మంది బయటికొచ్చేశారు. ఆర్చ్‌బిషప్ థర్‌స్టన్ వాళ్లకు రిపన్ పక్కన, స్కెల్ వాగు ఒడ్డున ముళ్లూ రాళ్లూ ఉన్న ఒక లోయ ఇచ్చాడు. అది ఫౌంటెన్స్ అయింది. అంటే రీవో లేకపోతే ఫౌంటెన్సే లేదు. ఇది తెలిశాక రెండూ చూడాలనిపించడం సహజం. కానీ ఒక్కరోజులో రెండూ పెట్టుకోకండి. కారులో వెళ్తే కుదురుతుంది కానీ ఏదీ సరిగా చూసినట్టుండదు.

ఫౌంటెన్స్ గొప్పతనం తక్కువ చేయను. గోడలు ఇంత ఎత్తున, గదులు ఇన్ని నిలిచి ఉన్న శిథిల మఠాలు ఇంగ్లండ్‌లో చాలా అరుదు. అన్నిటికంటే ఆ పడమటి వైపు కోష్ఠం, అంటే కమాను కప్పున్న పెద్ద గది, చూడాలి. 300 అడుగుల పొడవు, మధ్యలో ఒకే వరస స్తంభాలు. స్తంభానికి తల అంటూ లేదు. నేల నుంచి లేచిన రాయే పైకెళ్లి కొబ్బరి మట్టల్లా నాలుగువైపులా విచ్చుకుని పైకప్పు అయిపోతుంది. జూలైలో కూడా లోపలికి అడుగు పెట్టగానే చల్లగా తగులుతుంది. పిల్లలు ఒక చివర నిలబడి పిలిస్తే ఆ పిలుపు రెండో చివరికి గుండ్రంగా దొర్లుకుంటూ వస్తుంది. ఇక్కడ భోజనం చేసి పైఅంతస్తులో పడుకున్నది సన్యాసులు కాదు, లే బ్రదర్స్. చదువు రానివాళ్లు, పొలం పనీ గొర్రెల పనీ చేసే సోదరులు. గుడిలో వాళ్లు నిలబడే చోటు వేరు, చేసే ప్రార్థనలు వేరు. ఆ మఠం సంపద అంతా వాళ్ల చేతుల మీదుగా వచ్చిందే.

ఆ సంపద ఉన్నిది. ఇటలీ వర్తకులు ఇక్కడి ఉన్నిని ముందే కొనేసేవారు, అంటే గొర్రె వీపు మీద బొచ్చు ఇంకా పెరుగుతుండగానే డబ్బు చేతులు మారేది. పంట ఇంటికి రాకముందే అప్పు తెచ్చుకున్న రైతుకు ఏమవుతుందో మనకు తెలుసు. మందకు తెగులు తగిలింది, ఒప్పుకున్న ఉన్ని ఇవ్వలేకపోయారు, 13వ శతాబ్దం చివరికల్లా ఫౌంటెన్స్ పెద్ద అప్పుల్లో పడింది. ఇది తెలిసి చూస్తే ఆ కోష్ఠం ఒక గిడ్డంగిగా, ఒక మడిగెగా కూడా కనిపిస్తుంది.

ఉత్తరం వైపు కనిపించే ఎత్తైన బురుజు మార్మడ్యూక్ హ్యూబీ అనే ఆబట్ కట్టించింది, 160 అడుగుల దాకా ఉంటుంది. ఇలాంటి బురుజులు తమకొద్దని సిస్టర్షియన్లు తొలినాళ్లలో నియమం పెట్టుకున్నారు. హ్యూబీ 1526లో చనిపోయాడు. 1539 నవంబరులో మఠాన్ని రాజుకు అప్పగించేశారు. ఆ బురుజు కింద నిలబడితే ఈ రెండు తేదీలూ పక్కపక్కన గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

మరి నాకు ఇబ్బంది ఎక్కడంటే, తోట. 1720లో సౌత్ సీ అనే వ్యాపార కంపెనీ షేర్లు కుప్పకూలాక పార్లమెంటు నుంచి వెలివేసిన అప్పటి ఆర్థిక మంత్రి జాన్ ఏజ్‌లబీ ఇక్కడికొచ్చి తన స్టడ్లీ రాయల్ ఎస్టేట్‌లో కొలనులతో అద్భుతమైన నీటి తోట వేయించాడు. తర్వాత ఆయన కొడుకు విలియం ఈ శిథిలాన్నే కొని తోట చివర దృశ్యంగా కలిపేసుకున్నాడు. 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా రెండింటికీ కలిపే. తోట నిజంగా అందంగా ఉంటుంది. కానీ ఆ నున్నటి పచ్చిక, ఆ హంసలు, ఆ పిక్నిక్ బుట్టల మధ్య మఠం ఒక బొమ్మలా మారిపోతుంది. నేను తీసుకెళ్లినవాళ్లలో చాలామంది గంట తర్వాత ఆ ఎస్టేట్‌లో తిరిగే జింకల గురించే మాట్లాడారు. తప్పు వాళ్లది కాదు. ఆ చోటే మనల్ని అలా నడిపిస్తుంది.

ఇప్పుడు రీవో. హెల్మ్‌స్లీ దాటాక రోడ్డు చెట్ల మధ్య నుంచి కిందికి దిగుతుంది, మలుపు తిరగగానే లోయ అడుగున లేత పసుపు రాతి తోరణాలు కనిపిస్తాయి. చుట్టూ గొర్రెలు, నాలుగైదు ఇళ్లు, అంతే. లోయ ఎంత ఇరుకంటే గుడిని తూర్పు పడమరలుగా కట్టడానికి చోటు చాలక దాదాపు ఉత్తర దక్షిణాలుగా కట్టారు. తూర్పున ఉండాల్సిన పూజాస్థానం దక్షిణానికి తిరిగి ఉంది. దానివల్ల ఒక మేలు జరిగింది. మధ్యాహ్నం వేళ వెళ్తే ఎండ సరాసరి ఆ సన్నటి పొడవాటి కిటికీ ఖాళీల్లోంచి పడి గడ్డి మీద చారలు గీస్తుంది. ఆ చివర మూడంతస్తుల తోరణాలు దాదాపు చెక్కు చెదరకుండా ఉన్నాయి. సన్యాసులు ప్రార్థన చేసే చోటుకు ముందున్న భాగం, అంటే గుడి పెద్ద హాలు, పూర్తిగా పోయింది. స్తంభాల మొదళ్లు మాత్రం మిగిలాయి. సగం ఉండి సగం లేకపోవడం వల్ల ఉన్నదాన్నిబట్టి లేనిదాన్ని మనమే కట్టుకుంటాం.

ఇక్కడ ఏల్రెడ్ అనే ఆబట్ 1147 నుంచి 1167 దాకా ఉన్నాడు. స్నేహం గురించి రాసినవాడు, ఆరోగ్యం బాగాలేకపోయినా తలుపు మూయనివాడు. బలహీనులను, ఎక్కడా ఇమడలేని వాళ్లను కూడా చేర్చుకున్నాడని ఆయన శిష్యుడు వాల్టర్ డేనియల్ రాశాడు. ఆ లెక్క ప్రకారం అప్పట్లో 140 మంది సన్యాసులు, 500 మంది పనివాళ్లు, సోదరులు. 1538లో మూతపడేనాటికి మిగిలింది ఇరవై చిల్లర మంది. ఆ మధ్యలో మనుషులు తగ్గుతూ వచ్చాక కొన్ని గదులను వాళ్లే కుదించుకున్నారు. గోడల్లో ఆ అతుకులు కనిపిస్తాయి. భోజనశాల దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. లోయ వాలు వల్ల దాన్ని ఎత్తు మీద కట్టారు. భోజనం చేస్తున్నంతసేపూ ఒకరు గోడలోని మెట్లెక్కి నిలబడి పుస్తకం చదవాలి, మిగతావాళ్లు నోరు మెదపకుండా తినాలి. ఉప్పు కావాలన్నా సైగే.

మా అమ్మ అక్కడ తలెత్తి చాలాసేపు చూసి, "ఇంత పెద్ద గుడికి పైకప్పు ఎవరు పీకేశార్రా?" అని అడిగింది. రీవోకు ఓటు వేయడానికి నాకు అసలు కారణం ఆ ప్రశ్నే. ఫౌంటెన్స్‌కి మూడుసార్లు తీసుకెళ్లినా ఎవరూ అది అడగలేదు. పైకప్పు మీద పరిచింది సీసపు రేకులు. సీసం ఖరీదైనది, అది రాజు వాటా. కప్పు విప్పి, ఆ కలపతోనే మంట పెట్టి, రేకులు కరిగించి దిమ్మలు పోసేవారు. కప్పు పోయిన గుడిని వాననీళ్లు నానబెట్టాయి, చుట్టుపక్కలవాళ్లు రాళ్లు మోసుకెళ్లారు. 1920లలో రీవో శిథిలాలను తవ్వి శుభ్రం చేస్తుంటే, కూలిన పడమటి కిటికీ రాళ్ల కింద రాజముద్ర వేసిన నాలుగు సీసపు దిమ్మలు దొరికాయి. తీసుకెళ్లే లోపు గోడ మీద పడి ఉంటుంది, దాదాపు 400 ఏళ్లు అలాగే ఉండిపోయాయి.

మరో రెండింటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కొందరికి ఇవే సరిపోతాయి.

విట్బీ చూడాలంటే సముద్రం కోసం వెళ్లండి. 657లో హిల్డ్ అనే రాజవంశపు స్త్రీ ఇక్కడ మఠం పెట్టి స్త్రీలనూ పురుషులనూ కలిపి నడిపించింది. ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలన్న తగాదా 664లో ఇక్కడే తేలింది. పశువులు కాసుకునే కాడ్‌మన్ పాట కట్టిందీ ఇక్కడే, పేరు తెలిసిన ఇంగ్లిష్ కవుల్లో మొదటివాడు ఆయనే. అయితే ఇప్పుడు నిలబడి ఉన్న గోడలు ఆవిడ కాలానివి కావు, నార్మన్లు వచ్చాక మళ్లీ వెలసిన మఠానివి. 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకల గుళ్లు కూడా తగిలాయి. ఊళ్లోంచి 199 మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కారులో కొండ మీదికే నేరుగా వెళ్లొచ్చు. గాలి మాత్రం చెవులు కోసేస్తుంది, ఆగస్టులో కూడా స్వెటర్ ఉండాలి.

మౌంట్ గ్రేస్ ప్రయరీ వేరే లోకం. 1398లో మొదలైన కార్థూజియన్ల మఠం ఇది. వీళ్లు కలిసి బతకలేదు. ఒక్కొక్కరికి ఒక్కో రెండంతస్తుల చిన్న ఇల్లు, వెనక పెరడు, కుళాయి నీళ్లు, పెరటి చివర మరుగుదొడ్డి. ఒక ఇంటిని పాతకాలపు తీరులో తిరిగి కట్టి లోపల మంచం, మగ్గం పెట్టారు. తలుపు పక్కన గోడలో మడత తిరిగిన ఒక కన్నం ఉంటుంది. అన్నం పెట్టేవాడికి తినేవాడి ముఖం, తినేవాడికి పెట్టేవాడి ముఖం కనబడకుండా గిన్నె అందులోంచి అందించేవారు. అమ్మ అందులో చెయ్యి పెట్టి చూసి, "మడి కట్టుకున్నట్టుంది కదా" అంది. మడి కాదమ్మా, మౌనం అన్నాను. "మౌనమైతే ఇంకా కష్టం" అంటూ ఆ పెరట్లో చాలాసేపు కూర్చుంది. ఎత్తైన తోరణాలు ఇక్కడ లేవు. కానీ ఆ మనుషులు పొద్దుటి నుంచి రాత్రిదాకా ఎలా బతికారో తెలుసుకోవాలంటే దీన్ని మించింది లేదు. ఉద్యోగం టెన్షన్‌లో ఉన్నప్పుడు నేను ఒక్కడినే వెళ్లేది కూడా ఇక్కడికే.

ఇక వెళ్లిరావడం. కారు లేకపోతే ఫౌంటెన్స్ తేలిక: లీడ్స్ నుంచి హారోగేట్ మీదుగా రిపన్‌కి 36 నంబరు బస్సు ఉంది, అక్కడి నుంచి నాలుగు మైళ్లు. రీవోకి కారు లేకపోతే హెల్మ్‌స్లీ నుంచి మూడు మైళ్లకు పైగా నడవాలి, అడవీ పొలాల మధ్య నుంచి మంచి దారి. వానపడితే బురద కాబట్టి బూట్లు వేసుకోండి, చీరతో మాత్రం కష్టం. విట్బీకి లీడ్స్, యార్క్‌ల నుంచి బస్సు మూర్స్ అనే బీడు కొండల మీదుగా వెళ్తుంది, ఆ ప్రయాణమే ఒక దర్శనం. వీల్‌చెయిర్‌లో పెద్దవాళ్లు, తోపుడుబండిలో పసిపిల్లలు ఉంటే మాత్రం వాదన వద్దు, ఫౌంటెన్స్‌కే వెళ్లండి. పడమటి గేటు దగ్గర కారు ఆపితే కొండ దిగి ఎక్కే పని తప్పుతుంది. రీవో పైన కొండ అంచున ఉన్న టెర్రస్‌కి వేరే టిక్కెట్టు, అది నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. కింద మఠం ఇంగ్లిష్ హెరిటేజ్ అనే వేరే సంస్థది. ఒకటి కొంటే రెండోది వస్తుందనుకుని వెళ్లి నిరాశపడకండి.

రీవోకి వెళ్తే తిరుగు దారిలో యార్క్‌లో ఒక గంట ఆగండి. యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చిలో ఉత్తరం వైపు ఫైవ్ సిస్టర్స్ అనే కిటికీ ఉంది. పక్కపక్కనే ఐదు పొడవాటి ఆకుపచ్చ బూడిదరంగు గాజు పలకలు, ఒక్కొక్కటి 50 అడుగులకు పైన. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన స్త్రీల జ్ఞాపకార్థం 1920లలో దాన్ని బాగుచేసినప్పుడు గాజు ముక్కలను పట్టి ఉంచే కడ్డీలకు కొత్త సీసం కావలసి వచ్చింది. రీవో రాళ్ల కింద దొరికిన దిమ్మలను కరిగించి వాడారు. అమ్మకు అది చూపించి, "నువ్వడిగిన పైకప్పు ఇదిగో, ఇక్కడుంది" అన్నాను.